చల్లటి ష్రింప్ కాక్‌టెయిల్‌కి ఏ రొయ్యల ప్యాకెట్ కొనాలి? రింగ్ ట్రే నుంచి పెంకు సంచి దాకా

ష్రింప్ కాక్‌టెయిల్‌లో ఉండేవి రెండే. ఉడికించి చల్లార్చిన రొయ్య, దాని పక్కన ముక్కుకెక్కే టమాటా సాస్. ఇగురులోలా అల్లం వెల్లుల్లీ, గరం మసాలా వచ్చి కాపాడవు. రొయ్యకి నీచు వాసన ఉన్నా, చెరువు మట్టి వాసన ఉన్నా, నమిలితే సాగుతున్నా మొదటి ముక్కకే బయటపడుతుంది. పైగా చల్లగా తింటాం కాబట్టి ఉప్పు తక్కువైతే ఇంకా చప్పగా తెలుస్తుంది. కాబట్టి వండే పద్ధతి కన్నా ముందు ప్యాకెట్ సంగతి తేల్చుకోవాలి. అమెరికా సూపర్‌మార్కెట్ ఫ్రీజర్‌లో దొరికే నాలుగు రకాల రొయ్యలనూ ఈ ఒక్క వంటకం దృష్టితో ఇక్కడ చూస్తున్నాం. ఇండియాలో చేసుకునేవాళ్లకి పనికొచ్చేది చివర్లో ఉంది.

ముందుగా రింగ్ ట్రే. గుండ్రటి ప్లాస్టిక్ పళ్లెంలో రొయ్యలు వరసగా పేర్చి, మధ్యలో చిన్న గిన్నెలో సాస్ పెట్టి అమ్ముతారు. థాంక్స్‌గివింగ్ నుంచి న్యూ ఇయర్ దాకా ప్రతి షాపులోనూ ఇదే ముందు కనిపిస్తుంది. ఇది కొనొద్దు. ఇందులోవి ఫ్యాక్టరీలోనే పూర్తిగా ఉడికించి గడ్డకట్టించిన రొయ్యలు. లోపలి దాకా ఉడికిందన్న భరోసా కోసం ఫ్యాక్టరీ కాస్త ఎక్కువే ఉడికిస్తుంది, అందులో తప్పు లేదు. కానీ ఉడికిన కండ గడ్డకట్టి మళ్లీ కరిగేటప్పుడు లోపలి నీరంతా వదిలేస్తుంది. ట్రే అడుగున చేరే నీళ్లు అవే, రొయ్య రుచి కూడా వాటితోపాటే పోతుంది. సైజు కూడా చిన్నది, తోక పట్టుకుని ముంచితే రెండు కొరుకులు కూడా రావు. ట్రేలోని సాస్‌లో హార్స్‌రాడిష్ (ఆవాల్లా ముక్కుకెక్కే ఘాటున్న ఒక వేరు) ఉందంటే ఉందన్నట్టు ఉంటుంది, మిగతాదంతా తీపే. అరగంటలో అతిథులు వస్తున్నారు, వేరే దారి లేదు అనుకుంటే మాత్రం ఆ సాస్ పక్కన పెట్టి మీ సాస్ కలుపుకోండి. రొయ్యల్ని జల్లెడలో వార్చి, పేపర్ టవల్‌తో తుడిచి, పైన నిమ్మరసం, చిటికెడు ఉప్పు చల్లండి. కొంత నయమవుతుంది.

ఉడికించి ఒలిచిన రొయ్యల సంచి కూడా ఇదే కథ, ట్రే ఒక్కటే లేదు. సలాడ్‌లోకి సరే, కాక్‌టెయిల్‌కి వద్దు. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకి మాత్రం ఈ మాట వర్తించదు. అక్కడి ప్రాన్ కాక్‌టెయిల్ వేరే వంటకం. ఉత్తర అట్లాంటిక్ చల్లనీళ్లలో దొరికే వేలెడంత లేని చిన్న రొయ్యలు ఉడికించి, ఒలిచే వస్తాయి. వాటిని మయొనైజ్, టమాటా కెచప్, వూస్టర్‌షైర్ సాస్ (పుల్లగా, ఉప్పగా ఉండే పల్చటి ఇంగ్లిష్ సాస్), నిమ్మరసం కలిపిన మేరీ రోజ్ సాస్‌లో కలిపి, లెట్యూస్ ఆకుల మీద వేసి ఇస్తారు. ఆ చిన్న రొయ్య సహజంగానే మెత్తగా, తియ్యగా ఉంటుంది, సాస్ దానికి చాలు.

మూడోది పచ్చివే కానీ పెంకు ఒలిచేసిన రొయ్యలు. చూడ్డానికి పని తగ్గించేదిలా ఉంటుంది, కానీ ఇక్కడే లేబుల్ వెనక్కి తిప్పి చదవాలి. పదార్థాల దగ్గర ‘ష్రింప్, సాల్ట్’ అని ఆగిపోతే మంచిది. ‘సోడియం ట్రైపాలీఫాస్ఫేట్’ అని కూడా ఉంటే ఆ రొయ్యని రసాయనం కలిపిన నీళ్లలో నానబెట్టారన్న మాట. ఫాస్ఫేట్ వల్ల కండ నీటిని పట్టుకుంటుంది, అంటే ఆ నీటికి కూడా రొయ్య ధరే కడుతున్నాం. అసలు నష్టం వండేటప్పుడు. నీళ్లలో తెల్లటి నురగ తేలుతుంది. ఉడికాక కూడా కండ గాజులా కాస్త పారదర్శకంగానే ఉండిపోతుంది కాబట్టి, రంగు చూసి ఉడికిందో లేదో చెప్పేవాళ్లు ఇంకా ఉడకలేదనుకుని ఎక్కువ సేపు ఉంచేస్తారు. కొరికితే జారుతున్నట్టు, లోపల స్పాంజిలా ఉంటుంది. కూరలో ఇది అంతగా తెలియదు, చల్లటి రొయ్యలో దాచలేం. అదే సంచి మీద ‘సోడియం బైసల్ఫైట్’ అని కనిపించవచ్చు. అది పెంకు మీద నల్ల మచ్చలు రాకుండా వాడేది. రుచికి పెద్ద తేడా ఉండదు కానీ ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి సల్ఫైట్లు పడవు. అతిథుల్లో అలాంటివాళ్లుంటే ముందే చూసుకోవాలి.

కొనాల్సింది నాలుగోది. పచ్చివి, తల తీసినవి, పెంకు ఉన్నవి, వీపు మీద గీత కోసి నల్ల నరం తీసేసినవి. సంచి మీద ‘ఈజీ పీల్’ అని ఉంటుంది. పెంకు ఉండటం వల్ల గడ్డకట్టినప్పుడు కండ ఎండిపోదు. ఒలిచాక పెంకులు మనకే మిగులుతాయి, ఉడికించే నీళ్లకి రుచి తెచ్చేవి అవే. పెంకు మీద ఉన్నవాటిలో ఫాస్ఫేట్ లేని సంచులు దొరకడం కూడా సులువు. అయినా లేబుల్ చదవకుండా బుట్టలో వేయకండి.

సైజు దగ్గర చాలామంది తడబడతారు. ‘జంబో’, ‘ఎక్స్‌ట్రా లార్జ్’ లాంటి పేర్లు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, వాటిని నమ్మొద్దు. అంకె చూడండి. 16/20 అంటే పౌనుకి, అంటే సుమారు 450 గ్రాములకి, 16 నుంచి 20 రొయ్యలు. కాక్‌టెయిల్‌కి సరైన సైజు ఇదే. 21/25 కూడా బాగుంటుంది, ధర కాస్త తగ్గుతుంది. 31/40కి దిగితే ఉడకడానికీ ఎక్కువ ఉడికిపోవడానికీ మధ్య తేడా సెకన్లలోకి వచ్చేస్తుంది. పౌనుకి 15 లోపు వచ్చే పెద్దవి చూడ్డానికి ఘనంగా ఉంటాయి కానీ పై పొర గట్టిపడేదాకా మధ్యలో ఉడకవు, కొత్తగా చేసేవాళ్లకి కష్టం. మనిషికి ఐదారు చొప్పున లెక్కేస్తే 16/20 రకం రెండు పౌన్ల సంచి ఆరుగురికి సరిపోతుంది.

సంచిని చేత్తో పట్టుకుని కదిపి చూడండి. రొయ్యలు విడివిడిగా గలగలమనాలి. పెద్ద ముద్దగా అతుక్కుని ఉంటే దారిలో ఎక్కడో కరిగి మళ్లీ గడ్డకట్టింది. అంచుల్లో తెల్లగా ఎండిన మచ్చలుంటే ఫ్రీజర్ దెబ్బ, అక్కడ కండ పీచులా ఉంటుంది. వెనక ‘ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా’ అని ఉన్న సంచులు అమెరికాలో చాలా కనిపిస్తాయి. వనామీ అనే విదేశీ రకం రొయ్య పెంపకానికి మన దేశంలో 2009లో అనుమతి వచ్చాక, చెరువు రొయ్యల్లో ఆంధ్రప్రదేశ్‌దే పెద్ద వాటా అయింది. కాబట్టి ఆ సంచిలో ఉన్నది గోదావరి జిల్లాల చెరువు రొయ్యే అయ్యే అవకాశం బాగా ఉంది. అలాగని ఊరి అభిమానంతో కొనక్కర్లేదు, పైన చెప్పిన పరీక్షలు దానికీ పెట్టాలి.

ఇక వండటం. రాత్రే సంచిని ఫ్రిజ్‌లో కింది అరలోకి మార్చండి. మర్చిపోతే చన్నీళ్ల గిన్నెలో వేసి, సన్నగా కుళాయి వదిలితే అరగంటలో కరుగుతుంది. వేణ్నీళ్లు మాత్రం వద్దు, పై పొర ఉడికినట్టయి జిగురొస్తుంది. కరిగాక తోక చివరి గణుపు ఉంచి మిగతా పెంకంతా తీసేయండి. తోక మధ్యలో సూదిలా మొనదేలి ఉండే చిన్న ముల్లుంటుంది, తినేటప్పుడు గుచ్చుకుంటుంది, అదీ పీకేయండి. ఈజీ పీల్ అన్నా కొన్నిట్లో నల్ల నరం మిగిలిపోతుంది. గీత ఉన్న చోట వేలితో పాముతూ ఒకసారి చూసుకుంటే చాలు. పొట్ట వైపు కనిపించే సన్నటి నరం పేగు కాదు, దాని జోలికి పోనక్కర్లేదు.

ఒలిచిన రొయ్యల్ని తడి లేకుండా ఒత్తి, పౌనుకి ఒక టీస్పూన్ మెత్తటి ఉప్పు, పావు టీస్పూన్ వంట సోడా చల్లి కలిపి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఉప్పు లోపలికి దిగి కండలో నీరు నిలుపుతుంది. సోడా వల్ల రొయ్య కొరికితే టక్కుమని తెగేలా వస్తుంది. సోడా పావు టీస్పూన్ దాటితే సబ్బు రుచి వస్తుంది, చేతి అంచనాతో వేయకండి. ఫాస్ఫేట్ ఉన్న రొయ్యే గతి అయితే ఈ పని మానేయండి, అప్పటికే అందులో ఉప్పు ఎక్కువుంటుంది.

ఆ అరగంటలో పెంకుల నీళ్లు తయారవుతాయి. రెండు పౌన్ల రొయ్యకి రెండున్నర లీటర్ల నీళ్లు పెట్టి, పెంకులు, ఒక చిన్న ఉల్లిపాయ, రెండు బిర్యానీ ఆకులు, పది మిరియాలు, కొత్తిమీర కాడలో పార్స్‌లీ కాడలో గుప్పెడు, రెండు టేబుల్ స్పూన్ల ఉప్పు వేసి, సన్న సెగన ఇరవై నిమిషాలు ఉంచి వడకట్టండి. నిమ్మకాయ పై తొక్క నాలుగు పేళ్లు వేసుకోవచ్చు. రసం మాత్రం ఈ నీళ్లలో పిండొద్దు, పులుపు తగిలితే సోడా చేసిన పని చెడుతుంది. మెంతులు, లవంగాలు, చెక్క లాంటివి వేయాలనిపించినా ఆగండి. ఈ రొయ్యకి తన తీపే అందం.

అసలు కిటుకు ఇక్కడుంది. మరిగే నీళ్లలో రొయ్య వేసి, మరుగుతూనే ఉంచడం వల్లే చాలా ఇళ్లలో రబ్బరు రొయ్య వస్తుంది. నూరు డిగ్రీల నీళ్లలో పై కండ నిమిషంలో బిగుసుకుపోతుంది, మధ్య భాగం ఇంకా పచ్చిగానే ఉంటుంది. మధ్య ఉడికేదాకా ఆగితే బయటి భాగం చెడిపోతుంది. వడకట్టిన నీళ్లు పూర్తిగా చల్లారాక అందులో రొయ్యలు వేసి, మధ్యస్థ సెగ మీద పెట్టి, అప్పుడప్పుడు కలుపుతూ నీటి వేడి 77 డిగ్రీల సెల్సియస్‌కి రానివ్వండి. పది నిమిషాలు అటూ ఇటూగా పడుతుంది. థర్మామీటర్ ఉంటే అది పెట్టండి. లేకపోతే గిన్నె అడుగున చిన్న చిన్న బుడగలు పట్టి, పైన ఆవిరి ఆడుతూ, నీళ్లు ఇంకా కదలని స్థితి చూసుకోండి. తెర్లిందంటే దాటిపోయినట్టే. 77కి రాగానే స్టవ్ ఆపి, అన్నిటికన్నా లావుగా ఉన్న రొయ్యని తీసి తల వైపు కోసి చూడండి. మధ్య దాకా తెల్లబడి, గాజు ఛాయ పోయి ఉంటే అయిపోయింది. లోపలి వేడి 63 డిగ్రీలు చేరాలన్నది అమెరికా ఆహార భద్రతా సంస్థల లెక్క. ఆకారం చూసినా తెలుస్తుంది. కొడవలిలా వంగితే సరిగ్గా ఉడికినట్టు, తోక తలకి తగిలేలా చుట్టుకుపోతే ఎక్కువైనట్టు.

ఆ వెంటనే ఐస్ నీళ్లు సిద్ధంగా ఉండాలి. రొయ్య ఉడికాక ఐస్ కోసం వెతికే రెండు నిమిషాల్లో అది లోపలి వేడితోనే ఇంకా ఉడుకుతుంది. గిన్నెలో సగం ఐస్, సగం నీళ్లు, లీటరుకి ఒక టేబుల్ స్పూన్ ఉప్పు. ఉప్పు లేని ఐస్ నీళ్లు ఇందాక ఎక్కించిన రుచిని బయటికి లాగేస్తాయి. మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. అక్కడే వదిలేసి వేరే పనిలో పడితే రొయ్య నీళ్లు పీల్చుకుని చప్పబడుతుంది. తీసి, పేపర్ టవల్ మీద పరిచి, బాగా తుడిచి, మూత పెట్టి కనీసం గంట ఫ్రిజ్‌లో ఉంచండి. తడి ఉన్న రొయ్యకి సాస్ పట్టదు, జారిపోతుంది. చాలామంది సాస్ పల్చనైందని అనుకునేది ఈ తడి వల్లే.

సాస్ సీసాల సంగతికి వస్తే, ‘కాక్‌టెయిల్ సాస్’ అని రాసి అమ్మే సీసాల్లో ఎక్కువ భాగం తీపి కెచప్పే. ఘాటున్నది కావాలంటే ఇండియానాపోలిస్‌లో 1902 నుంచి నడుస్తున్న సెయింట్ ఎల్మో స్టేక్ హౌస్ పేరు మీద వచ్చే సీసా కొనదగ్గది. ఆ రెస్టారెంట్‌కి పేరు తెచ్చిందే కళ్లలో నీళ్లు తెప్పించే ఈ రొయ్యల పళ్లెం. అది దొరకనప్పుడు సీసా సాస్ కొనడం మాని, ఫ్రిజ్ అరలో దొరికే తురిమిన హార్స్‌రాడిష్ చిన్న సీసా కొనండి. పదార్థాల్లో హార్స్‌రాడిష్, వెనిగర్, ఉప్పు, ఇవే ఉండాలి. దాని పక్కనే ‘హార్స్‌రాడిష్ సాస్’ అని క్రీమ్ కలిపింది ఉంటుంది, అది బీఫ్ శాండ్‌విచ్‌లకి, దీనికి కాదు. తురుము తెల్లగా ఉండాలి. గోధుమ రంగుకి తిరిగిందంటే ఘాటు చచ్చిపోయింది. సీసా తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టినా వారాలు గడిచేకొద్దీ ఘాటు తగ్గుతూనే ఉంటుంది కాబట్టి పెద్ద సీసా లాభం కాదు.

అర కప్పు కెచప్‌కి రెండు టేబుల్ స్పూన్ల హార్స్‌రాడిష్, ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం, ఒక టీస్పూన్ వూస్టర్‌షైర్ సాస్, నాలుగైదు చుక్కల టబాస్కో (పల్చటి మిరప సాస్), చిటికెడు ఉప్పు. కలిపి అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, అప్పుడు రుచి చూసి ఘాటు సరిచేయండి. మన నాలుకకి మూడు టేబుల్ స్పూన్ల దాకా వెళ్లొచ్చు. కారం పొడి వేసి ఘాటు పెంచాలని చూడకండి. మిరప మంట నాలుక మీద కూర్చుని రొయ్య రుచిని కప్పేస్తుంది, హార్స్‌రాడిష్ ఘాటు ముక్కులోకి ఎక్కి క్షణంలో దిగిపోతుంది, తర్వాత రొయ్య తీపి తెలుస్తుంది. అమెరికన్ వంటల పుస్తకాల్లో ‘చిల్లీ సాస్’ అని ఉంటే అది కెచప్ లాంటి తియ్యటి టమాటా సాస్. మన చైనీస్ బండి మీది ఎర్ర చిల్లీ సాస్ పోస్తే వంటకమే మారిపోతుంది.

ఇండియాలో హార్స్‌రాడిష్ సులువుగా దొరకదు. దాని ఘాటుకి కారణమైన పదార్థమే మన నల్ల ఆవాల ఘాటులోనూ ఉంది, కాబట్టి దారి వంటింట్లోనే ఉంది. వేయించని ఆవాలు పొడి చేసి, రెండు టీస్పూన్ల పొడిని అంతే చన్నీళ్లతో తడిపి పది నిమిషాలు వదిలేయండి. నీళ్లు తగిలాకే ఘాటు పుడుతుంది. వేడినీళ్లు పోసినా, మొదట్లోనే నిమ్మరసం పిండినా అది పుట్టకుండానే ఆగిపోతుంది. పది నిమిషాలయ్యాక ఒక టీస్పూన్ వెనిగర్ కలిపితే ఘాటు నిలబడుతుంది, అప్పుడు అర కప్పు కెచప్‌లో కలపండి. ఆవకాయ పెట్టినవాళ్లకి ఈ వాసన కొత్త కాదు. పసుపు ఆవాలు వాడితే మంట నాలుక మీదే ఆగిపోతుంది, ముక్కుకి ఎక్కదు. ఆవపిండికి కాస్త చేదు ఉంటుంది కాబట్టి రెండు టీస్పూన్లు దాటకండి. ట్యూబుల్లో దొరికే వసాబీ పేస్ట్ కూడా పనికొస్తుంది. అందులో చాలావాటిలో ఉండేది హార్స్‌రాడిష్, ఆవాలే, రంగు మాత్రమే పచ్చన.

రొయ్యల మాటకొస్తే, మన దగ్గర కౌంట్ లెక్క వేరు. కిలోకి, అదీ తలతో సహా. 30 కౌంట్ అంటే ఒక్కోటి 33 గ్రాములు. తల పోతే బరువులో మూడో వంతుకి పైగా పోతుంది కాబట్టి అది అమెరికా 21/25కి సమానం. కాక్‌టెయిల్‌కి 30 కౌంట్ అడగండి, దొరికితే ఇంకా పెద్దవి. పెంకు నొక్కితే గట్టిగా ఉండాలి. లూజ్ షెల్ రొయ్య, అంటే పెంకు వదిలి లోపల కండ తగ్గిపోయినది, ఉడికితే నీరు కారి ముడుచుకుపోతుంది. తల ఊడివస్తున్నా, ముక్కు దగ్గర పెడితే అమ్మోనియా వాసన కొట్టినా తీసుకోవద్దు. కొన్ని చెరువుల రొయ్యకి, ముఖ్యంగా ఉప్పదనం తక్కువ నీళ్లలో పెరిగినదానికి, మట్టి వాసన ఉంటుంది. చెరువులో పెరిగే నాచు లాంటి సూక్ష్మజీవుల వల్ల వచ్చేది అది. పులుసులో చింతపండు దాన్ని సర్దేస్తుంది, ఇక్కడ సర్దేవాళ్లు లేరు. అనుమానం ఉంటే కిలో కొనేముందు రెండు రొయ్యలు ఉప్పునీళ్లలో ఉడికించి, చల్లార్చి తిని చూసుకోవడం మేలు. సముద్రపు రొయ్య దొరికే విశాఖ, కాకినాడ వైపు వాళ్లు అదే ఎంచుకోవచ్చు, కాకపోతే నల్ల నరం మీరే తీయాలి. పెంకు గణుపుల మధ్య పంటిపుల్ల గుచ్చి పైకి లాగితే వీపు కోయకుండానే మొత్తం వచ్చేస్తుంది.

వడ్డించేటప్పుడు రొయ్యల గిన్నె కింద ఐస్ పరిచిన పళ్లెం పెట్టండి, కరిగిన నీళ్లు రొయ్యలకి తగలకుండా చూసుకోండి. బల్ల మీద రెండు గంటలకి మించి ఉంచొద్దు, మన ఎండాకాలంలో గంటే. మిగిలిన రొయ్యలు ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటాయి, సాస్ వారం ఉంటుంది. వాటిని మళ్లీ పులావులోనో ఇగురులోనో ఉడికిస్తే ఇంత జాగ్రత్తా వృథా. చిన్న ముక్కలు కోసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసంతో చల్లగానే కలుపుకుని తినండి.